ఎస్తేరు, చెరువు, చిటికెడు సున్నం

ఎస్తేరు పొద్దున లేవగానే గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుంటుంది కానీ వెంటనే తాగదు. వేలెడంత పొడవున్న మీటరు ఒకటి ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకుంటుంది. దాన్ని గ్లాసులో ముంచి, కనిపించిన అంకెను పైకి చదివి, అప్పుడు తాగుతుంది. బంటుమిల్లిలో వాళ్లింటి కుళాయి నీళ్లకు ఆ అంకె నాలుగు వందల చుట్టూ తిరుగుతుంది. మా జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం గుడి చూడ్డానికి వెళ్లినప్పుడు రేవులోకి దిగి కృష్ణ నీళ్లలో ముంచితే మూడు వందల లోపే చూపించిందట. దివిసీమలో ఒక పెళ్లికి వెళ్లి, భోజనాల దగ్గర పెట్టిన గ్లాసులో ముంచితే పదిహేను వందలు దాటింది. ఆ అంకె ఆవిడ అలవాటు కొద్దీ పైకి చదివేసరికి బంతిలో సగం మంది గ్లాసులు కింద పెట్టేశారు. అప్పటినుంచి పెళ్లిళ్లకు బయల్దేరే ముందు ఆవిడ హ్యాండ్‌బ్యాగును భర్త ఫిలిప్ ఒకసారి తెరిచి చూస్తాడు.

ఆ మీటరు రుచి చూడదు, మురికి చూడదు. నీళ్లలో విద్యుదావేశం ఉన్న రేణువులు ఎన్ని ఉన్నాయో, అంటే కరెంటును మోసుకుపోగలిగినవి ఎన్ని ఉన్నాయో చూస్తుంది. ఎస్తేరు వృత్తి కూడా దాదాపు అదే. బంటుమిల్లిలో మేం ఉండే మేడ కింద, ఒక షట్టరు గదిలో, ఆవిడ చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ నీళ్లు పరీక్ష చేస్తుంది. కూల్‌డ్రింకు సీసాల్లో, నూనె క్యాన్లలో, ఒక్కోసారి పిల్లల స్కూలు బాటిళ్లలో రైతులు చెరువు నీళ్లు పట్టుకొస్తారు. ఆవిడ వాటిలో చుక్కలు వేసి, రంగు మారేదాకా చూసి, చీటీ మీద అంకెలు రాసి ఇస్తుంది. మాట్లాడేది తక్కువ. గట్టిగా మాట్లాడటం అసలు రాదు. అవతలివాళ్లు "ఆఁ?" అంటే రెండోసారి ఇంకా మెల్లగా చెబుతుంది.

ఆవిడది పెదపారుపూడి దగ్గర ఒక పల్లె. నాన్న ప్రకాశరావు గుడివాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా పనిచేసేవాడు. పరీక్ష నాళికలు కడగడం, సీసాలకు చీటీలు అతికించడం ఆయన పని. పక్క గదిలో లెక్చరరు చెప్పే పాఠం ఇరవై ఎనిమిదేళ్లు తలుపు సందులోంచి వినీ వినీ ఆయనకు అంతా కంఠతా వచ్చేసింది. ఏ పాఠంలో ఎక్కడ పిల్లలు నవ్వుతారో కూడా చెప్పేవాడు.

ఎస్తేరు ఆరో తరగతిలో ఉండగా ఆయన వంటింట్లో గచ్చు మీద ఒక ప్రయోగం చేసి చూపించాడు. మూడు టార్చి సెల్లులు, రెండు తీగలు, ల్యాబులో పనికిరాదని పారేసిన చిన్న ఎర్ర దీపం, ఒక గాజు గ్లాసులో ల్యాబునుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్లు. తీగల కొసలు నీళ్లలో ముంచితే దీపం వెలగలేదు. చెంచాడు ఉప్పు వేసి కలిపితే వెలిగింది. గ్లాసు కడిగి, మళ్లీ ల్యాబు నీళ్లే పోసి, ఈసారి పంచదార వేస్తే వెలగలేదు. రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండూ కరిగాయి, మరి పంచదార ఏం పాపం చేసిందని ఎస్తేరు అడిగింది. పంచదార వృథా అయినందుకు ప్రేమమ్మ, అంటే వాళ్లమ్మ, అదే ప్రశ్న ఇంకో విధంగా అడిగింది.

ప్రకాశరావు తలుపు సందు పాఠం మొదలుపెట్టాడు. ప్రతి పరమాణువు నడుమా కొన్ని ప్రోటాన్లు ఉంటాయి, చుట్టూ సరిగ్గా అన్నే ఎలక్ట్రాన్లు ఉంటాయి. ధనావేశం, ఋణావేశం సరికి సరి కాబట్టి బయటికి ఏమీ కనిపించదు. సోడియానికి అన్నిటికన్నా బయట ఒక్క ఎలక్ట్రాన్ వదులుగా ఉంటుంది. క్లోరిన్‌కు సరిగ్గా ఒక్కటి తక్కువ. అది ఇచ్చేస్తుంది, ఇది పుచ్చుకుంటుంది. ఎలక్ట్రాన్ పోయినదానికి ధనావేశం మిగులుతుంది, వచ్చినదానికి ఋణావేశం వస్తుంది. ఉప్పు కల్లు గట్టిగా ఉన్నది ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్లే. నీళ్లు వాటిని కొత్తగా తయారు చేయవు, విడదీసి తిరగనిస్తాయి. అలా తిరిగేవే కరెంటును మోస్తాయి. పంచదార అణువు మాత్రం ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు, ఉన్నదున్నట్టుగా కరుగుతుంది.

"ఇచ్చేసినందుకు సోడియానికి బాధ ఉండదా నాన్నా?" అని అడిగిందట ఎస్తేరు.

"ఇచ్చేదాకానే అమ్మా దానికి బాధ. అది ఉన్నంతసేపూ దేనిమీదో పడి మండుతూ ఉంటుంది. ఇచ్చాక నిమ్మళంగా ఉప్పులో కూర్చుంటుంది" అన్నాడు ప్రకాశరావు.

చివరగా గ్లాసు కడిగి మళ్లీ ల్యాబు నీళ్లు పోసి, చిన్న సీసా మూత తీసి రెండు చుక్కలు అమ్మోనియా ద్రావణం వేశాడు. ఇల్లంతా ఘాటు వాసన కొట్టింది. దీపం వెలిగీ వెలగనట్టు, అగరొత్తి కొసలా వెలిగింది. అమ్మోనియాది మూడో దారి అని చెప్పాడు ఆయన. అది ఎలక్ట్రాన్లు ఇవ్వదు, పుచ్చుకోదు. నీటి అణువులోంచి ఒక హైడ్రోజన్‌ను, దాని ఎలక్ట్రాన్‌ను అక్కడే వదిలేసి, ఒట్టి ప్రోటాన్‌గా లాక్కుంటుంది. ఆ ప్రోటాన్‌తో పాటు ధనావేశం కూడా వచ్చి చేరుతుంది. కానీ వందలో ఒకటో రెండో అణువులకే ఆ అవకాశం, అందుకే అంత మసక వెలుగు. ఎస్తేరుకు ఆ మసక వెలుగే బాగా నచ్చింది. గుడివాడలోనే కెమిస్ట్రీతో డిగ్రీ చేసింది, తర్వాత బందరులో ఒకరి ల్యాబులో పని నేర్చుకుంది, ముప్పై నాలుగో ఏట సొంతంగా ఈ షట్టరు తెరిచింది.

మొదటి రెండేళ్లు ఆవిడ చీటీ మీద అంకె రాసి ఊరుకునేది. ఒక రోజు పెదపారుపూడి వైపు నుంచి ఒక చేపల రైతు వచ్చి, చేపల మలమూ మిగిలిన మేతా కుళ్లి చేరే అమ్మోనియా ఎక్కువుందని చీటీలో చదువుకుని, ఇంటికి వెళ్లి మధ్యాహ్నం చెరువులో సున్నం చల్లాడు. సాయంత్రానికి చేపలు తేలాయి. ఆయన ఎస్తేరును తప్పుపట్టలేదు. మర్నాడు వచ్చి, "మీరు సరిగ్గానే చెప్పారండీ, అమ్మోనియా ఎక్కువుందని. మా అదృష్టం బాగోలేదు" అని ఖాళీ క్యాను తీసుకుని వెళ్లిపోయాడు. సున్నం వేయొద్దని ఒక్క మాట రాసి ఉంటే అదృష్టంతో పని ఉండేది కాదని ఆవిడకు తెలుసు. ఆ మాట చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. అప్పటినుంచి అమ్మోనియా ఎక్కువ వస్తే చీటీ ఇచ్చి ఊరుకోదు, ఫోన్ చేస్తుంది.

కానీ ఫోనులో సున్నం వద్దని ఒప్పించడం ఈ ప్రాంతంలో అంత తేలిక కాదు. ఇక్కడ చెరువుకు ఏం వచ్చినా సున్నమే. నీళ్లు పచ్చబడితే సున్నం, వాన కురిస్తే సున్నం, రొయ్య మేత మానేస్తే సున్నం. పదిసార్లలో ఎనిమిదిసార్లు దానివల్ల మంచే జరుగుతుంది కాబట్టి మిగతా రెండుసార్ల గురించి ఎవరూ వినరు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో వెంకటరత్నమ్మ చెరువుకు ఆ మిగతా రెండుసార్లలో ఒకటి వచ్చింది.

వెంకటరత్నమ్మ ముప్పై ఏళ్లు బందరు రేవు నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. మోకాళ్లు ఇక మొయ్యం అన్నాక, మరిది దుర్గాశ్రీనివాస్‌ను తోడు తీసుకుని బంటుమిల్లి దిగువన రెండెకరాల చెరువు కౌలుకు పట్టి రొయ్య పిల్లలను వదిలింది. అది మొదటి పంట. పంట నిలబడితే చెరువు ఉంటుంది, పోతే మళ్లీ తట్ట ఎత్తుకోవాలి. ల్యాబుకు వచ్చిన మొదటి రోజే ఆవిడ ఎస్తేరుతో ఆ మాట చెప్పింది. "సముద్రంలో పోతే దేవుడి మీద వేసేదాన్నండీ. చెరువులో పోతే ఎవరి మీద వేస్తాను. ఈ మోకాళ్లతో మళ్లీ తట్ట ఎత్తలేను."

పిల్లలను వదిలిన అరవై అయిదో రోజున చెరువులో దింపిన పళ్లెంలో మేత మిగిలిపోయింది. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి అలా పళ్లెంలో కొంత మేత వేసి దింపుతారు. రెండు గంటల తర్వాత పైకి తీస్తే ఖాళీగా ఉండాలి. ఆ రోజు సగం అలాగే ఉంది. మర్నాడు పొద్దున్నే ఆరింటికి దుర్గాశ్రీనివాస్ బండి మీద వచ్చి నీళ్ల సీసా ఇచ్చి వెళ్లాడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాల్సిన అమ్మోనియా మూడు దాకా వచ్చింది. ఎస్తేరు ఫోన్ చేసింది.

అంకె వినగానే అతను హుషారుగా సున్నం బస్తాలు గట్టు మీదే ఉన్నాయనీ, పదకొండింటికి కూలీలు వస్తారనీ, ఎండ ఎక్కాక కొట్టేస్తామనీ చెప్పాడు. ఎస్తేరు వద్దంది. అవతల నీళ్లు చిలికే యంత్రాల మోతలో ఆవిడ గొంతు అతనికి వినపడలేదు. సరేనండీ, చాలా థ్యాంక్సండీ అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

షట్టరు సగం దించి ఎస్తేరు కాసేపు స్టూలు మీద కూర్చుందట. తర్వాత అరలోంచి ఒక తెల్ల పొడి సీసా తీసి బ్యాగులో పెట్టుకుని స్కూటీ తీసింది.

ఆవిడ వెళ్లేసరికి రెండు బస్తాల మూతులు విప్పి ఉన్నాయి. నలుగురు కూలీలు బేసిన్లతో గట్టు మీద నిలబడి ఉన్నారు. దుర్గాశ్రీనివాస్ కనురెప్పల మీద కూడా సున్నం పడి, అతను ముసలివాడిలా కనిపిస్తున్నాడు. ఎస్తేరు చెప్పబోయింది. అతను మర్యాదగానే అడ్డుపడ్డాడు.

"మేడంగారూ, అంకె చెప్పడం మీ పని, చెరువు చూసుకోవడం మా పని. ఎవరి పని వాళ్లం చేసుకుందామండీ. మీరు నీడకి వెళ్లి కూర్చోండి, కొబ్బరి బొండం కొట్టిస్తాను."

ఎస్తేరు నిజంగానే నీడకు వెళ్లింది. పాక కింద బోర్లించిన తట్ట మీద కూర్చుని వెంకటరత్నమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ఎస్తేరు ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, బ్యాగులోంచి సీసా తీసి, మూతలో చిటికెడు పొడి పోసి, వాసన చూడమంది. వెంకటరత్నమ్మ చూసింది. ఏ వాసనా లేదు, ఉప్పులా ఉందని చెప్పింది. కంసాలులు వాడే నవాసారమే అది. అందులోని అమ్మోనియా అంతా ఆవేశం ఎక్కినదే. ఎస్తేరు ఒక చుక్క నీళ్లు వేసి, ఆవిడ చేతిలోని డబ్బీలోంచి గోరంత సున్నం తీసి అందులో రుద్ది, మళ్లీ చూడమంది.

వెంకటరత్నమ్మ వంగి, దెబ్బ తగిలినట్టు వెనక్కి జరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నవ్వుతూ వచ్చిన దుర్గాశ్రీనివాస్ తనూ మూత ముక్కు దగ్గర పెట్టుకుని ఆరుసార్లు తుమ్మాడు.

"ఇది ఐసు ఫ్యాక్టరీ వాసన కదూ" అంది వెంకటరత్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "రేవులో పైపు లీకయితే తట్టలు అక్కడే పడేసి పరిగెత్తేవాళ్లం."

"అదేనండీ అమ్మోనియా" అంది ఎస్తేరు. "మీరు పరిగెత్తారు. రొయ్యలు ఎక్కడికి పరిగెత్తుతాయి?"

ఆ మాట ఆవిడ ఎప్పటిలాగే మెల్లగా అంది, కానీ యంత్రాల మోతలోనూ అందరికీ వినపడింది. కూలీలు బేసిన్లు కింద పెట్టారు.

దుర్గాశ్రీనివాస్ ఊరుకోలేదు. పొడిలో వాసన లేదు, సున్నంలో వాసన లేదు, మరి వాసన ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పమన్నాడు. ఎస్తేరు అయాన్ల పాఠం చెప్పలేదు. బందరు బస్సు గురించి చెప్పింది.

చంకలో పిల్లను ఎత్తుకున్న ఆడమనిషి బస్టాండులో నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు. ఒకరు పిల్ల బుగ్గ పట్టుకుంటారు, ఒకరు పేరు అడుగుతారు. ఆ గుంపును వదిలించుకుని ఆవిడ బస్సు తలుపులోంచి దూరలేదు. అదే పిల్ల లేకుండా ఉంటే ఎవరూ పట్టించుకోరు, సందు చూసి ఎక్కేస్తుంది. అమ్మోనియా అణువు పట్టుకున్న ప్రోటానే ఆ పిల్ల. పిల్ల ఉంటే దానికి ఆవేశం ఉంటుంది, చుట్టూ నీటి అణువులు మూగి కదలనివ్వవు. అది గాలిలోకి ఎగరలేదు కాబట్టి వాసన రాదు, రొయ్య మొప్పల పొరలోంచి సులువుగా దూరలేదు కాబట్టి విషం కాదు. పిల్ల లేనిది రెండు చోట్లా దూరుతుంది. నీళ్లలో సున్నం పడితే, అది కనపడిన ప్రతి ప్రోటాన్‌నూ లాక్కుంటుంది.

"అంటే సున్నం పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి" అంది వెంకటరత్నమ్మ.

ఎస్తేరు తల ఊపి లెక్క చెప్పింది. పొద్దున తెచ్చిన నీళ్లలో వంద అమ్మోనియాలకు పిల్ల లేనివి అయిదే ఉన్నాయి. ఎండ ఎక్కి, పచ్చ నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసి నీళ్లలో ప్రోటాన్లు తగ్గుతుంటే, మధ్యాహ్నం మూడింటికి అవి ఇరవై దాటుతాయి. దానిమీద సున్నం కూడా పడితే సగం దాకా వెళ్తాయి. అమ్మోనియా ఒక్క చుక్క కూడా పెరగక్కర్లేదు. ఉన్నదే విషమవుతుంది.

వెంకటరత్నమ్మ ఆకు నోట్లో పెట్టుకుని మరిది వైపు తిరిగింది.

"శ్రీనూ, బస్తాల మూతులు కట్టెయ్."

"ఊరంతా కొడతారు వదినా."

"ఊరంతా ముక్కు మూసుకుని కొడతారు. మనం వాసన చూశాంగా."

వచ్చే మూడు రోజులూ ఏం చేయాలో ఎస్తేరు రాసిచ్చింది. మేత ఆపెయ్యాలి. యంత్రాలన్నీ ఆపకుండా తిప్పాలి. బెల్లం నీళ్లలో కలిపి చల్లాలి. బెల్లం తిని నీళ్లలోని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరగడానికి దానికి అమ్మోనియా కావాలి కాబట్టి దాన్ని కూడా లాగేసుకుంటుంది. శ్రీరామనవమి వెళ్లిపోయాక రొయ్యలకు పానకమేంటని దుర్గాశ్రీనివాస్ ఊళ్లో అందరికీ చెప్పి నవ్వించాడు. అయినా బెల్లం దిమ్మలు తనే కొట్టాడు. మిరియాలు, ఏలకులు కూడా వెయ్యమంటారా మేడంగారూ అని ఫోన్ చేసి అడిగాడు.

ఎస్తేరు రోజూ మధ్యాహ్నం మూడింటికి, ఎండలో, స్కూటీ మీద వెళ్లి అక్కడికక్కడే పరీక్ష చేసింది. మొదటి రోజు అంకె కదల్లేదు. రెండో రోజు మేత లేకుండానే దింపి తీసిన పళ్లెంలో ఏడు చచ్చిన రొయ్యలు వచ్చాయి. వెంకటరత్నమ్మ వాటిని అరిటాకు ముక్కలో పెట్టి ఎస్తేరుకు చూపించింది. ఆ రాత్రి ఎస్తేరు అన్నం సగంలో వదిలేసిందని ఫిలిప్ చెప్పాడు. పెదపారుపూడి రైతు ఖాళీ క్యాను పట్టుకుని వెళ్లిపోవడం ఆవిడకు కళ్ల ముందు కనపడుతూనే ఉందట. మూడో రోజు అంకె రెండుకు దిగింది, చచ్చినది ఒక్కటి కూడా లేదు. నాలుగో రోజు ఒకటి లోపు. కొంచెం మేత వెయ్యమని ఎస్తేరు చెప్పి వచ్చింది.

అయిదో రోజు పొద్దున ఆవిడ ల్యాబులో సీసాలు కడుగుతుండగా ఫోన్ మోగింది. వెంకటరత్నమ్మ పలకరింపు కూడా లేకుండా ఒకే మాట చెప్పింది.

"పళ్లెం ఖాళీ అండీ."

ఎస్తేరు సరేనండీ అని ఫోన్ పెట్టేసి, కడిగిన సీసాలనే మళ్లీ కడిగింది.

నూట ఆరో రోజున వల వేసి పట్టుబడి చేసి రొయ్యలు అమ్మారు. రొయ్య మరీ పెద్దది కాలేదు కానీ పంట నిలబడింది. వెంకటరత్నమ్మ కౌలు ఇంకో మూడేళ్లకు రాయించుకుంది. మిగిలిన సున్నం బస్తాలను ఏం చేయాలో తోచక దుర్గాశ్రీనివాస్ చెరువు పాకకూ గట్టు మీది కొబ్బరి చెట్ల మొదళ్లకూ వెల్ల వేయించాడు. ఇప్పుడు ఆ చెరువు అరమైలు దూరం నుంచి తెల్లగా కనిపిస్తుంది.

బస్సు కథ అతనే ఊరూరా తిప్పాడు. అతను చెప్పేటప్పుడు అందులో కండక్టరు ఉంటాడు, టిక్కెట్టు గొడవ ఉంటుంది, పిల్ల ఏడుస్తుంది. ప్రోటాన్ పేరు మాత్రం అతనికి ఎప్పుడూ గుర్తు రాదు. ఆ కథ విని, ఆ వాసన తామూ చూస్తామని ల్యాబుకు వచ్చేవాళ్లున్నారు. మొహమాటపడుతూనే ఎస్తేరు మూతలో పొడి పోస్తుంది. వాళ్లు తుమ్ముతారు. సున్నం ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో ఆవిడ చీటీ వెనక రాసిస్తుంది.

పొద్దుటి నీళ్లు చూసి సాయంత్రం సంగతి చెప్పలేమని అందరికీ తెలిశాక, మధ్యాహ్నం సీసాలు రావడం మొదలైంది. ఎస్తేరుకు ఇప్పుడు నలభై మూడేళ్లు. ల్యాబు పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ రెండు నుంచి అయిదు దాకా తెరిచి ఉంటుంది. ఆదివారం మాత్రం తెరవదు.